పన్ను తీయించాక పుక్కిలించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఈ ఉదయం కింది దవడ పన్ను తీయించాం. రక్తం రుచి వస్తోందని మాటిమాటికీ ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నారు. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వెంటనే ఆపించండి. మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు. గుంటలో గడ్డకట్టిన రక్తమే లోపలి ఎముకకు మూత. గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినా అది ఊడిపోవచ్చు. అలా ఊడితే రెండు మూడు రోజుల్లో చెవిదాకా పాకే నొప్పి, దుర్వాసన మొదలవుతాయి. దీన్నే డ్రై సాకెట్ అంటారు. చుట్ట, సిగరెట్ తాగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

మొదటి రోజు ఉమ్ములో కాస్త ఎరుపు మామూలే. రక్తం కారుతూనే ఉంటే శుభ్రమైన గాజుగుడ్డ మడిచి గుంటపై పెట్టి, 20-30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టమనండి. మధ్యలో తీసి చూడటమే చాలామంది చేసే పొరపాటు. అప్పటికీ ఆగకపోతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. సొంతంగా ఆ మాత్రలు మానిపించొద్దు.

రేపటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, భోజనం తర్వాత నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, మెల్లగా జారవిడవాలి. గుంటూరు నాలుకకు కష్టమేగానీ, కొన్నాళ్లు కారప్పొడి, గోంగూర పచ్చడి మాని చల్లని పెరుగన్నం పెట్టండి.