రెజ్యూమె మూలన రాసే రెండు ముక్కలు

మొదటిసారి జాబ్ మేళాకి వెళ్తున్నాను, ముప్పైకి పైగా కంపెనీలు వస్తున్నాయట, అందరికీ రెజ్యూమె ఇచ్చి రావడమేనా, ఇంకేమైనా చేయాలా అని ఒకరు అడిగారు. నేను ఉద్యోగం కోసం మూడు మేళాలకి వెళ్లాను. ఆ తర్వాత మా కంపెనీ తరఫున రెండుసార్లు టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నాను. అవతల కూర్చున్నాకే అసలు సంగతి తెలిసింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

సాయంత్రానికి టేబుల్ మీద రెజ్యూమెలు దొంతరగా పేరుకుపోతాయి. వాటిని ఆఫీసుకి తీసుకెళ్లి తీరిగ్గా చదువుతారని నేనూ అనుకునేవాణ్ణి. నా పక్కన కూర్చున్న సీనియర్ హెచ్ఆర్ ఆవిడ ఒక్కో మనిషీ లేచి వెళ్లగానే కాగితం కుడి మూలన పెన్నుతో రెండు ముక్కలు రాసేవారు. 'ఎక్సెల్ బాగా వచ్చు', 'నైట్ షిఫ్ట్ ఓకే', 'సపోర్ట్ టీమ్‌కి అడగాలి'. ఏమీ రాయనివన్నీ ఇంకో దొంతర. మర్నాడు మేం ఫోన్లు చేసింది మూలన రాత ఉన్నవాళ్లకే. ఆ రెండో దొంతర చాలాకాలం బీరువా మీదే ఉంది, తర్వాత ఏమైందో నేను అడగలేదు. అందుకే, ఆ మూలన ఏదో ఒకటి రాయించుకుని రావడమే ఆ రోజు మీ పని అనుకోండి.

నా మొదటి మేళాలో నేను చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 35 కాపీలు ప్రింట్ తీయించి కరపత్రాలు పంచినట్టు పంచాను. మధ్యాహ్నానికల్లా ఫైల్ ఖాళీ అయింది, ఏదో సాధించినట్టు ఇంటికొచ్చాను. ఒక్క ఫోన్ కూడా రాలేదు.

వచ్చే కంపెనీల లిస్టు చాలాసార్లు ముందే ఇస్తారు. అందులోంచి ఆరేడు ఎంచుకోండి, అంతకంటే వద్దు. ఒక్కోదాని వెబ్‌సైట్‌లో ఏ పోస్టులు ఉన్నాయో, ఏం అడుగుతున్నారో ఓ పది నిమిషాలు చూస్తే చాలు. టేబుల్ దగ్గరికి వచ్చి "మీ కంపెనీ ఏం చేస్తుంది సార్?" అని అడిగేవాళ్లు ఎంతమందో! పొద్దున్న ఓపిగ్గా చెప్తాం. మధ్యాహ్నం దాటాక అదే మాట ఇరవయ్యోసారి వింటే మొహంలో తెలిసిపోతుంది, ఏం చేస్తాం.

బాగా కావాలనుకున్న కంపెనీ దగ్గరికి మొట్టమొదట వెళ్లకండి. మొదటి స్టాల్‌లో గొంతు తడారిపోతుంది, చేతిలో కాగితం వణుకుతుంది. వచ్చినా రాకపోయినా ఫర్వాలేదనుకునే ఒకటి రెండు చోట్ల మాట్లాడి, టెన్షన్ తగ్గాక అక్కడికి వెళ్లండి. అలాగని సాయంత్రానికి వాయిదా వేయొద్దు. అప్పటికి వాళ్లు అలిసిపోయి ఉంటారు, కొందరు టైమ్ కాకముందే సర్దేసుకుంటారు కూడా.

ఇక మాట్లాడటం. మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు, క్యూ పెద్దదైతే అదీ ఉండదు. మీ గురించి అరనిమిషంలో చెప్పేలా ఇంట్లో పైకి అని చూసుకోండి, మనసులో కాదు. "నేను హార్డ్ వర్కర్‌ని, టీమ్ ప్లేయర్‌ని" అంటే మూలన రాసుకోవడానికి ఏమీ ఉండదు. ఒక అమ్మాయి మా దగ్గరికొచ్చి, "ఒక చిన్న షాపు లెక్కలు ఏడాదిగా ఎక్సెల్‌లో నేనే రాస్తున్నానండి, నెలకి దాదాపు 400 బిల్లులు. మీ అకౌంట్స్ ట్రెయినీ పోస్టు చూసి వచ్చాను" అంది. రెండే వాక్యాలు. మా ఆవిడ, అదే, హెచ్ఆర్ ఆవిడ, ఆ అమ్మాయి ఇంకా కూర్చుని ఉండగానే పెన్ను తీశారు.

"ఏ ఉద్యోగమైనా చేస్తానండి" అని మాత్రం అనొద్దు. నేనూ అన్నాను, వినయంగా ఉంటుందనుకుని. అవతలివాళ్లకి మాత్రం మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించే పని కూడా వాళ్ల నెత్తినే వేసినట్టు ఉంటుంది.

క్యూలో ఉన్నంతసేపూ ఫోన్ చూస్తూ నిలబడకండి. ముందువాళ్లని ఏం అడుగుతున్నారో సగం వినబడుతూనే ఉంటుంది, అదే మీకు వచ్చే ప్రశ్న. ఫ్రెండ్స్‌తో కలిసి వెళ్తే గేటు దగ్గరే విడిపోండి. ముగ్గురు కలిసి టేబుల్ ముందు నిలబడితే ఒకరే మాట్లాడతారు, మిగతా ఇద్దరూ మాకు గుర్తే ఉండరు.

రెజ్యూమె ఫ్రెషర్లకి ఒక పేజీ చాలు. ఫోన్ నంబర్ ఇంకోసారి సరిచూసుకోండి. మేం ఫోన్ చేసిన వాటిలో ఒక నంబర్‌కి తొమ్మిది అంకెలే ఉన్నాయి! కొన్ని కంపెనీలు కాగితం తీసుకోకుండా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అప్‌లోడ్ చేయమంటాయి, కాబట్టి పీడీఎఫ్ ఫోన్‌లోనే ఉంచుకోండి. అంతమంది ఒకే హాల్లో ఉంటే నెట్‌వర్క్ మొరాయించొచ్చు, అప్పుడు గూగుల్ డ్రైవ్‌లోంచి తీద్దామంటే కుదరదు. రెజ్యూమెని బొమ్మలా సేవ్ చేసినా, రంగురంగుల డబ్బాలు పెట్టినా రెజ్యూమెలని వడకట్టే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి సరిగ్గా చదవలేదు. సాదాగా ఉంచండి.

లేచేముందు ఒక్క ప్రశ్న అడగండి: "తర్వాత ఏముంటుందండి, ఎవరికి మెయిల్ చేయాలి?" పక్కకి రాగానే ఆ పేరు, వాళ్లన్న మాట ఫోన్‌లో రాసుకోండి. ఐదారు స్టాళ్లు తిరిగాక ఎవరు ఏమన్నారో కలగాపులగం అయిపోతుంది. నా మూడో మేళాలో ఒకాయన, "మాకు ఫ్రెషర్లు వద్దు, రెండేళ్ల అనుభవం కావాలి" అని ముఖం మీదే చెప్పారు. సరేనండి, ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు ఏం చూస్తారు అని అడిగితే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే కంప్యూటర్ భాష) నేర్చుకోమన్నారు. ఆ రాత్రే నాలుగు లైన్ల మెయిల్ పెట్టాను, మొదలుపెట్టానని. నెల తర్వాత ఎంతవరకు వచ్చిందో ఇంకో మెయిల్. దానికి జవాబు వచ్చింది, ఆ తర్వాత ఇంటర్వ్యూ, నా మొదటి ఉద్యోగం అదే. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను, నేను పెట్టిన మిగతా ఐదు మెయిళ్లకి ఎవరూ పలకలేదు.

ఒక జాగ్రత్త. రెండో మేళాలో ఒక స్టాల్‌లో పది నిమిషాల్లో ఆఫర్ లెటర్ చేతికిచ్చారు. గాల్లో తేలిపోతున్నాను, ఇంతలో ట్రెయినింగ్ ఫీజు కట్టమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉంచాలట. నాన్నకి ఫోన్ చేసొస్తానని బయటికి వచ్చి మళ్లీ అటు వెళ్లలేదు. డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. ఒరిజినల్స్ చూపించాల్సి వస్తే చూపించి, వెంటనే వెనక్కి తీసుకోండి.

అన్నట్టు, కొత్త బూట్లు ఆ రోజే మొదలుపెట్టకండి. నేను పెట్టాను, నాలుగో స్టాల్‌కి కుంటుకుంటూ వెళ్లాను.