పాత అంబులెన్సు కొనబోతున్న మేనల్లుడికి

చి. కార్తీక్‌కు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు వేలంలో కొనాలనుకుంటున్న అంబులెన్సు ఫోటోలు చూశాను. 2006 ఫోర్డ్ ఈ-450, 6.0 లీటర్ల డీజిల్ ఇంజను, వెనుక అల్యూమినియం పెట్టె. సెలవు దినాల్లో నీ మియాటా స్పోర్ట్స్ కారును ట్రెయిలర్ మీద మిడ్-ఒహాయో రేస్ ట్రాక్‌కు లాక్కెళ్లి, రాత్రి ఆ పెట్టెలోనే పడుకోవాలన్న ఆలోచన బాగుంది. అయితే నువ్వు రాసినదంతా మంచం ఎటువైపు, పొయ్యి ఎటువైపు అన్న గొడవే. అవి తర్వాత చూసుకోవచ్చు. ఈ పని తూకంతో మొదలుపెట్టాలి. ఊరికే పడుకోవడానికైతే కదిలే బండి ఏదైనా చాలు. లాగడం కూడా దీని పనే అయితే, లోపల పెట్టే ప్రతి వస్తువూ లెక్కలోకి వస్తుంది.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన ఒక స్టిక్కరు కనిపిస్తుంది. బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో, ముందు ఇరుసు ఎంత మోయవచ్చో, వెనుక ఇరుసు ఎంత మోయవచ్చో అందులో ఉంటుంది. నువ్వు చూస్తున్న రకానికి మొత్తం పరిమితి 14,000 పౌండ్ల చిల్లర. ఇలాంటి అంబులెన్సు ఖాళీగానే 10,000 పౌండ్ల పైన తూగుతుంది. మిగిలిన దాంట్లో నీళ్లు, బ్యాటరీలు, చెక్క పని, మనుషులు, సామాను అన్నీ సరిపోవాలి. నలభై గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్లు.

ఇప్పుడు ట్రెయిలర్ సంగతి. మియాటా సుమారు 2,400 పౌండ్లు, ఉక్కు ట్రెయిలర్ 2,000 దాకా, టైర్లు, పనిముట్లు కలిపితే 5,000 అనుకో. అందులో పది నుంచి పదిహేను శాతం బండి వెనుక కొక్కెం మీద పడుతుంది, అంటే 500 నుంచి 750 పౌండ్లు. చాలామందికి తట్టనిది ఏమిటంటే, ఆ బరువు పడే చోటు వెనుక ఇరుసుకు బాగా అవతల ఉంటుంది. కాబట్టి కొక్కెం మీద 600 పడితే ఇరుసు మీద అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ ఎక్కువంతా ముందు చక్రాల మీద తగ్గుతుంది. ముందు తేలికైతే స్టీరింగు మాట వినదు. అందుకే నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు వెనుక తలుపుల దగ్గర పెట్టకు, ఇరుసుకు ముందు పెట్టు. బండి కొన్నప్పుడు ఒకసారి, లోపలి పని అయ్యాక ఒకసారి, ట్రెయిలర్ తగిలించి మరోసారి ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ అనే లారీ తూనిక మీద తూయించు. ఇరుసుల లెక్క విడివిడిగా కాగితం మీద ఇస్తారు.

వెనుక కనిపించే ఆ బంపరు నిజానికి మెట్టు. స్ట్రెచర్ ఎక్కించేవాళ్లు కాలు పెట్టడానికి చేసింది, చాలా బండ్లలో పైకి మడుచుకుంటుంది కూడా. దానికి కొక్కెం వెల్డింగ్ చేయిస్తానని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయి. కొక్కెం దూర్చే రిసీవర్‌ను ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, పట్టీలకే బోల్టులతో బిగించాలి. ఈ పెట్టెలు ఛాసిస్ కొస దాటి వెనక్కి ఉంటాయి కాబట్టి పట్టీలను పొడిగించాల్సి రావచ్చు. అది ట్రక్కుల పని తెలిసిన వెల్డరు చేయాలి. ట్రెయిలర్‌కు సొంత ఎలక్ట్రిక్ బ్రేకులు, డ్రైవర్ దగ్గర వాటిని నడిపే బ్రేక్ కంట్రోలర్, వెనుక ఏడు పిన్నుల సాకెట్ తప్పనిసరి. ఇంకొకటి: ట్రెయిలర్ తగిలించి ఉండగా వెనుక తలుపులు తెరిచి చూడు. ట్రెయిలర్ జాకీ పిడి సరిగ్గా తలుపు దారిలో నిలబడుతుంది. ఆ పిడిని మార్చడం తేలికే, తలుపు సొట్టను సరిచేయడమే కష్టం.

ఇంజను గురించి మొహమాటం లేకుండా చెబుతాను. 2003 దాకా వచ్చిన 7.3 లీటర్ల డీజిల్ ఇంజను దొరికితే నేను రెండో మాట అడగను. 6.0 అంటే చూసి తీసుకోవాలి. దానిలో ఆయిల్ కూలర్ పూడుకుపోతుంది, దాని వల్ల ఇంజనుకు తిరిగి వెళ్లే పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్ పోతుంది, చివరికి ఇంజను పైభాగాన్ని సీలు చేసే హెడ్ గ్యాస్కెట్ దాకా వస్తుంది. బండి కంప్యూటరుకు స్కానర్ తగిలించి, ఇంజను బాగా వేడెక్కాక హైవే మీద ఒకే వేగంతో పోనిచ్చి, ఆయిల్ వేడిని, కూలెంట్ వేడిని పక్కపక్కనే చూడు. తేడా 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కూలర్ పూడుకుంటున్నట్లే. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు కరెంటు ఇచ్చే మాడ్యూల్ 48 వోల్టులు చూపాలి. 45 కంటే తగ్గితే బేరం ఆపేయి. వేలంలో నడిపి చూడనివ్వకపోతే, ఆ మరమ్మతు ఖర్చు ముందే మినహాయించుకుని పాట పాడు.

మైళ్ల మీటరును మాత్రమే నమ్మకు. అంబులెన్సులు ఆసుపత్రి గుమ్మాల్లో, ప్రమాదాల దగ్గర ఇంజను ఆపకుండా గంటల కొద్దీ నిలబడతాయి. 90,000 మైళ్లకు గంటల మీటరు 6,000 చూపితే సగటున గంటకు 15 మైళ్లే. చాలా కాలం నిలబడే అరిగిందన్నమాట. బండి ఒహాయోలోనే తిరిగింది కాబట్టి చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కిందిదాకా వెళ్లి ఉంటుంది. టార్చి పట్టుకుని కిందికి దూరు. పెట్టెకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే రబ్బరు దిమ్మెల చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేస్తోందా చూడు. తలుపు కీళ్ల దగ్గర పెయింటు కింద పొక్కులు ఉంటే, ఉక్కు తగిలిన చోట అల్యూమినియం పొడి అవుతోందని అర్థం. టైరు మీద నాలుగు అంకెల్లో అది తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. వెనుక జత చక్రాల్లో లోపలి టైరుది కూడా చదువు, ఎంత బురద అంటినా సరే.

కొన్నాక అన్నీ పీకేయాలన్న ఆవేశం వస్తుంది. ఆపుకో. ఆ అల్యూమినియం అలమారలు మనం చెక్కతో చేసే వాటికంటే గట్టివి. చార్జరు, బయటి నుంచి 110 వోల్టుల కరెంటు తీసుకునే ప్లగ్గు, భారీ ఆల్టర్నేటర్ ముందే ఉంటాయి. వాటి కోసమే కదా ఈ బండి! తీగలకు పేర్లు అచ్చు వేసి ఉంటాయి, వాటిని కత్తిరించే ముందు ఫోటో తీసి పెట్టుకో. వేలానికి పంపేముందు రేడియోలు కోసుకుపోతారు, తెగిన కొసలు సీలింగు వెనుక వేలాడుతుంటాయి, కొన్నింటిలో కరెంటు ఉంటుంది. ఆక్సిజన్ సిలిండరు అర చూశావా? దానికి బయటికి గాలి పోయే మార్గం ఉంటుంది. లోపలి వైపు గాలి చొరబడకుండా మూసేసి, అడుగున రంధ్రాలు ఉంచితే ప్రొపేన్ సిలిండరుకు సరిపోతుంది. ఆ గ్యాసు గాలి కంటే బరువు, కిందికే దిగుతుంది. వెనుక ఏసీ మాత్రం ఇంజను నడిస్తేనే పనిచేస్తుంది. రాత్రికి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

శుభ్రం చేసేటప్పుడు మందపాటి తోలు చేతి తొడుగులు లేకుండా బెంచీ కింద, సీటు సందుల్లో చెయ్యి పెట్టకు. సూదులు దొరుకుతాయి. ముందు పట్టకారుతో ఏరి, తర్వాతే బ్లీచు నీళ్లు.

ఎరుపు, నీలం దీపాలు, సైరను, అంబులెన్సు అన్న అక్షరాలు, ఆరు కోణాల నీలి నక్షత్రం తీసేయాలి. బీమా కంపెనీకి పాటకు ముందే ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మోటార్‌హోమ్ అనిపించుకోవడానికి అమెరికా కేంద్ర నిబంధన ప్రకారం వంట, ఫ్రిజ్, మరుగుదొడ్డి, హీటరు లేదా ఏసీ, సింకుతో తాగునీరు, విడిగా 110 వోల్టుల కరెంటు లేదా ప్రొపేన్, ఈ ఆరింటిలో నాలుగైనా ఉండాలి. రిజిస్ట్రేషన్ పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కౌంటరు దగ్గరికే వెళ్లి అడుగు.

మీ అమ్మ ఫోను చేసింది. ఆ బండిలో ఎవరెవరు పోయారో, అందులో వీడు పడుకోవడం ఏమిటన్నయ్యా అని. ఆసుపత్రికి ప్రాణాలతో చేరినవాళ్లే ఎక్కువమ్మా అన్నాను. తను ఒప్పుకోలేదు. కాబట్టి గుడికి తీసుకెళ్లి వాహన పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన వీడియో అమ్మకు పంపు. దానికి అయ్యే ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకో.

పాట మంగళవారం అన్నావు. ఆదివారం వెళ్లి తలుపు స్టిక్కరు, గంటల మీటరు, ఛాసిస్ వెనుక కొస, ఈ మూడింటి ఫోటోలు నాకు పంపు. అవి చూశాక ఎంతవరకు పాడవచ్చో చెబుతాను.

మీ మామయ్య