ఫోన్‌లోని వీడియోల కోసం కొత్త టీవీ అవసరమా?

ప్రశ్న: మా 7 ఏళ్ల నాటి టీవీ బాగానే పనిచేస్తోంది. అయితే ఫోన్‌లోని వీడియోలను వైరు లేకుండా పెద్ద తెరపై చూడాలని ఇంటిల్లిపాదీ కోరుతున్నారు. 12 నెలల వాయిదాలపై స్మార్ట్ టీవీ తీసుకోవచ్చా? అత్యవసర నిధి ఒక నెల ఖర్చులకే సరిపోతుంది.

జవాబు: ఇప్పుడు తీసుకోవద్దు. చేతిలో ఒక నెల ఖర్చులకు మించి లేనప్పుడు, పనిచేస్తున్న వస్తువును పక్కనపెట్టి ఏడాది పాటు వాయిదాలకు కట్టుబడటం మీ కుటుంబానికి క్షేమం కాదు. కట్టగలననుకున్న ఆ వాయిదా సొమ్మునే నెలనెలా అత్యవసర నిధిలో వేయండి.

మీ టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు (బయటి పరికరాలను తగిలించే సాకెట్) ఉంటే, దానికి తగిలించి ఇంటర్నెట్ వీడియోలు చూసే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ చాలు. టీవీ సెట్టింగుల్లో స్క్రీన్ మిర్రరింగ్ (ఫోన్ తెరను ఉన్నదున్నట్టు టీవీలో చూపే సదుపాయం) ఇప్పటికే ఉంటే, ఫోన్‌తో కలుస్తుందో లేదో చూడండి. కలిస్తే స్టిక్ కూడా అక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వాడే మిర్రరింగ్ పద్ధతి మిరాకాస్ట్‌తో ఐఫోన్ పనిచేయదు కనుక, మీది ఐఫోన్ అయి దాని తెరను టీవీలో చూపాలంటే, ఆపిల్ సొంత పద్ధతి ఎయిర్‌ప్లే ఉన్న పరికరాన్ని ఎంచుకోవాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది పరికరం ధర కాదు, ఆ తర్వాత నెలనెలా అయ్యే డేటా ఖర్చు. కాస్టింగ్‌లో, అంటే ఫోన్ యాప్‌లోని వీడియోను టీవీకి పంపే పద్ధతిలో, ఫోన్ రిమోట్‌లా ఆదేశమిస్తుందే తప్ప, వీడియోను స్టిక్ నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. పైగా పెద్ద తెరకు తగ్గట్టు మెరుగైన నాణ్యతలో తెచ్చుకుంటుంది. సాధారణ నాణ్యతలో గంటకు సుమారు 1 జీబీ అయ్యేది హెచ్‌డీలో దాదాపు 3 జీబీ, 4కేలో 7 జీబీ వరకు అవుతుంది. రోజుకు 2 గంటలు చూస్తే నెలకు 60 జీబీతో సరిపోయేది హెచ్‌డీలో 180 జీబీకి చేరుతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక స్టిక్‌కు ఫోన్ హాట్‌స్పాటే ఆధారమైతే ఈ భారమంతా మీ మొబైల్ డేటాపైనే పడుతుంది కాబట్టి, యాప్‌లో నాణ్యతను తగ్గించి పెట్టుకోండి. ఫోన్‌లో దాచుకున్న పిల్లల వీడియోలను మిరాకాస్ట్‌తో చూపితే మాత్రం, రెండు పరికరాలూ నేరుగా వైఫైతో కలుస్తాయి గనుక ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు. మీ ఇంటివారు ముఖ్యంగా చూడాలనుకునేవి అవే అయితే ఈ దారే మేలు.

స్టిక్ కొనే ముందు మీ సబ్‌స్క్రిప్షన్ నిబంధనలు కూడా చదవండి. కొన్ని చవక ప్లాన్లు ఫోన్‌కే పరిమితం. వాటిలోని వీడియోలు టీవీకి వెళ్లవు, మిర్రరింగ్‌లో తెర నల్లగా కనిపించవచ్చు. అప్పుడు పై ప్లాన్‌కు మారక తప్పదు కనుక, నెలవారీ ధరలో ఆ తేడాను 12తో గుణించి స్టిక్ ధరకు కలిపి చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.