కుండీ అడుగు చూశావా?

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

హైదరాబాదు ఫ్లాటులో ఇంటి నిండా మొక్కలు పెంచబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, బెంగగానూ ఉంది. కుండీలను కిటికీ దగ్గర, మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని చోట పెట్టు. ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు, కాస్త ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లు. ఇవన్నీ నువ్వు ఎలాగూ తెలుసుకుంటావు. నా భయమంతా నీళ్ళ గురించే.

మీ అమ్మ కడుపులో ఉండగా అమ్మమ్మ పురిటికి పుట్టింటికి వెళ్తూ, కడియం నర్సరీలో ముచ్చటపడి కొన్న డిఫెన్‌బేకియా మొక్కను నాకు అప్పగించింది. దానికి ఏ లోటూ రాకూడదని నేను పూటకో చెంబు పోశాను. కొన్నాళ్ళకు కింది ఆకులు పసుపెక్కి వాలిపోతే దాహమనుకుని రెండో చెంబు కూడా పోశాను. నీళ్ళు చాలకపోయినా ఆకు వాలుతుంది, నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళినా ఆకు వాలుతుంది. తడి ఆరని మట్టిలో గాలి ఆడక కుళ్ళిన వేరు, చుట్టూ ఎన్ని నీళ్ళున్నా పీల్చుకోలేదన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. చంటిదానితో తిరిగివచ్చిన అమ్మమ్మ పిల్లను నా చేతికిచ్చి, నన్ను పలకరించనైనా పలకరించకుండా, కుండీని దించిన పింగాణీ తొట్టిని వంచింది. అందులోంచి అరచెంబు నల్లని మురుగునీరు కారింది. అందం కోసం ఆ తొట్టిని కొన్నదీ నేనే. మొక్కను పెకలించి వేరు పట్టుకోగానే పైపొర జారిపోయి, లోపలి పీచు దారంలా ఆమె చేతిలో మిగిలింది. ఒక్క మాట అనకుండా, కాండం గట్టిగా ఉన్నచోట రెండు కణుపులుండేలా ముక్క కోసి, నీడన ఆరబెట్టి ఇసుకలో గుచ్చింది. అది బతికింది.

అందుకని వారానికి ఇన్నిసార్లని లెక్క పెట్టుకోకు. చూపుడువేలు రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆ రోజు నీళ్ళు మానుకో. పోసిననాడు మాత్రం అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయి.

ఇంకొక్క మాట, నీ కొడుకు పాకుతున్నాడు. డిఫెన్‌బేకియా, మనీప్లాంటు, పీస్ లిల్లీ మన కంద, చేమల కుటుంబానివే. పచ్చి కంద కోస్తే చేతికి దురద తెప్పించే సూదుల్లాంటి స్ఫటికాలే వాటి ఆకుల్లోనూ ఉంటాయి కనుక, పసివాడు నమిలితే నోరు మండి నాలుక వాస్తుంది. మీ అమ్మ పాకడం మొదలుపెట్టిన రోజే, నేను ఎంత బతిమాలినా వినకుండా, అమ్మమ్మ ఆ మొక్కను పక్కింటికి ఇచ్చేసింది. నువ్వు స్పైడర్ ప్లాంటు, అరెకా పామ్ తెచ్చుకో తల్లీ, వాటితో ఆ భయం లేదు.

పింగాణీ కుండీలు అప్పుడే ఆరు కొన్నావట. ఒక్కొక్కటీ బోర్లించి, అడుగున రంధ్రం ఉందో లేదో చూసి నాకు ఫోను చేయి. లేనివాటిలో గొడుగులు పెట్టుకోవచ్చు.

మీ తాతయ్య