చూడగానే తెలిసిపోయినా, కొలిచే రాయాలి

ప్రశ్న: ఎనిమిదేళ్లు టైల్స్, చెక్క ఫ్లోరింగ్ వేశాను. రెండేళ్లుగా ఫ్లోరింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేస్తున్నాను. నేల చూడగానే తప్పెక్కడ జరిగిందో నాకు తెలిసిపోతుంది. కానీ రిపోర్టులు మాత్రం ‘ఆధారం ఏది?’ అంటూ తిరిగొస్తున్నాయి. ఏ శిక్షణ తీసుకుంటే మంచిదంటారు?

జవాబు: నాకూ అలాగే తెలిసిపోయేదండీ. కొత్తలో ఒక ఇంట్లో చెక్క నేల చూశాను. పలకల అంచులు లేచి, మధ్యలో గుంట పడింది. సాధారణంగా కింద తేమ ఎక్కువైతే అలా అవుతుంది, అంతవరకు సరిగ్గానే పట్టుకున్నాను. ‘కాంక్రీటు ఆరకముందే పలకలు పరిచారు’ అని రాసిచ్చేశాను. ఆ తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్టర్ గదంతా ఇరవై చోట్ల తేమ కొలిచి, అంకెలన్నీ గది పటం మీద వేశారు. వంటగది గోడ పక్కన తేమ ఎక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గుతూ వచ్చింది. గోడలో పైపు కారుతోంది! నా మాట నమ్మి, నేల వేసిన మేస్త్రీకి అప్పటికే డబ్బు ఆపేశారు. ఆయన మొహం నాకింకా గుర్తుంది.

అందుకే ‘తేమ 14 శాతం’ అని రాస్తే సరిపోదు. ఏ గోడకు ఎన్ని అడుగుల దూరంలో, ఏ మీటర్‌తో కొలిచారు? మీటర్‌ను ఏ రకం చెక్కకు సెట్ చేశారు? ఆ పూట గదిలో గాలి తేమ, ఉష్ణోగ్రత ఎంత? అన్నిటికంటే ముఖ్యం, బాగున్న చోట ఆ మీటరే ఎంత చూపింది? కాంక్రీటు సంగతైతే పైపైన మీటర్ పెట్టి తేల్చకండి. ఒకవైపే ఆరే స్లాబులో దాని మందంలో 40 శాతం లోతుకు రంధ్రం చేసి, ప్రోబ్ (లోపలి తేమ కొలిచే కడ్డీ) పెట్టి, 24 గంటలు ఆగి చదవమంటుంది కాంక్రీటు తేమ పరీక్షకున్న ప్రమాణం, ఏఎస్‌టీఎం ఎఫ్ 2170. టైల్స్ కింద నేల ‘వంకరగా ఉంది’ అనడం కూడా అంతే. ఏ ఒక్క అంచైనా 15 అంగుళాలు, అంతకు మించి ఉన్న టైలుకు 10 అడుగుల మేర 1/8 అంగుళం మించి తేడా ఉండకూడదన్నది ఉత్తర అమెరికా ప్రమాణం. మీకు వర్తించే ప్రమాణం పేరు రాసి, మీ కొలత దాని పక్కన పెట్టండి.

సర్టిఫికెట్ కోర్సు తప్పకుండా చేయండి, పరికరాలు, ప్రమాణాలు అక్కడ పట్టుబడతాయి. రాయడం మాత్రం మీ పాత రిపోర్టుల మీదే నేర్చుకోవాలి. తిరిగొచ్చినవి పది తీసి, కంటితో చూసినదాని కింద నీలం గీత, మీరు ఊహించినదాని కింద ఎర్ర గీత గీయండి. నేను గీసినప్పుడు మొదటి పేజీ అంతా ఎరుపే. ఆ తర్వాత ఒక రిపోర్టును ఫొటోలు లేకుండా తోటి ఇన్‌స్పెక్టర్‌కిచ్చి, లోపం ఎక్కడుందో గది పటం మీద గుర్తుపెట్టమనండి. గుర్తు తప్పిన చోటల్లా వాక్యం మార్చాలి.

ఇంకొకటి. ఇన్‌స్పెక్షన్ రోజున ఇంటివాళ్లు ఒక చెవిలో, నేల వేసినవాళ్లు ఇంకో చెవిలో చెబుతూనే ఉంటారు. ఇద్దరి మాటా వాళ్ల పేరుతోనే రాసుకోండి. అక్కడికక్కడ తీర్పు చెప్పకండి. కారణం తేలకపోతే తేలలేదనే రాసి, ఇంకే పరీక్ష కావాలో చెప్పండి. నా మొదటి రిపోర్టులో ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ మేస్త్రీ డబ్బు ఆగేది కాదు.