లంబోర్గిని ధర పడిపోయిందని డీలర్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కరీంనగర్, గ్రానైట్ వ్యాపారం. 2024 మే నెలలో హైదరాబాద్‌లోని ఒక సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్ల డీలర్ దగ్గర 2019 మోడల్ లంబోర్గిని హురకాన్ ఈవో కొన్నాం. బిల్లు మా ఫర్మ్ పేరు మీద 1.85 కోట్లకు ఇచ్చారు, ఇంకో 30 లక్షలు క్యాష్‌గా తీసుకున్నారు. కారు మహారాష్ట్ర రిజిస్ట్రేషన్, ఆర్సీ ఇంకా మా పేరుకు మారలేదు. 'నాన్ యాక్సిడెంట్, ఒరిజినల్ పెయింట్, తిరిగింది 11,400 కిలోమీటర్లే' అని డీలర్ వాట్సాప్‌లో రాసి పంపాడు. ఈమధ్య అమ్మకానికి పెడితే, కొనడానికి వచ్చినాయన కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయించాడు. 2021లోనే ముందుభాగం దెబ్బతిని రిపేర్ అయిందని, అప్పటికే 16 వేల కిలోమీటర్లు దాటిందని అక్కడ రికార్డు ఉంది. ఇప్పుడు 1.40 కోట్లకు మించి ఎవరూ అడగడం లేదు. డీలర్‌ని నిలదీస్తే 'స్పోర్ట్స్ కార్లకు ధర పడటం మామూలే, పైగా జీఎస్టీ తగ్గింది' అంటున్నాడు. ఇన్సూరెన్స్‌లో ఐడీవీ (పాలసీలో కారుకు వేసిన విలువ) మాత్రం 1.95 కోట్లు ఉంది. మాకు పోయిన 75 లక్షలు రాబట్టుకోవచ్చా? కనీసం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో నష్టంగా చూపించుకోవచ్చా?

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. 75 లక్షలు మొత్తం రావు. అలాగని చేతులు దులుపుకుని కూర్చోవాల్సిన కేసూ కాదు ఇది. మీ 75 లక్షల్లో రెండు రకాల నష్టాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కారు పాతబడటం వల్ల పోయింది, అది ఎవరి దగ్గర కొన్నా పోయేదే, దానికి చట్టంలో మందు లేదు. రెండోది యాక్సిడెంట్ సంగతి దాచి, మీటర్ వెనక్కి తిప్పి మీకు అంటగట్టడం వల్ల పోయింది. దానికి మాత్రం డీలరే బాధ్యుడు. ఈ రెండింటినీ కలిపి ఒకే అంకె అడిగారంటే, అవతలి లాయర్ మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కూడా కొట్టేయించడానికి చూస్తాడు. నేనైనా అదే చేస్తాను.

కాబట్టి మీరు అడగాల్సింది ఈ రోజు తేడా కాదు, కొన్న రోజు తేడా. 2024 మేలో, యాక్సిడెంట్ అయిందనీ అసలు కిలోమీటర్లు ఇవీ అని తెలిసి ఉంటే ఆ కారు ఎంత పలికేది? మీరు ఇచ్చిన దానికీ ఆ ధరకీ మధ్య తేడాయే మీ క్లెయిమ్. కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారం లెక్కకు ఇదే దారి. మాట వరసకి ఆ రోజు నిజమైన ధర 1.60 కోట్లు అని నిపుణుడు తేల్చాడనుకోండి, అక్కడి నుంచి 1.40కి రావడానికి పట్టిన 20 లక్షలు రెండేళ్లు కారు నడుపుకున్నందుకు మీ ఖర్చే. కారు తిరిగిచ్చేసి డబ్బంతా వెనక్కి అడగొచ్చు కదా అంటారేమో, అడగొచ్చు. కానీ మోసం బయటపడ్డాక కూడా వారం వారం ఔటర్ మీద షికారు చేస్తూ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇవాళ్టి నుంచే బండి బయటికి తీయకండి, ఓడోమీటర్ ఫొటో తేదీతో సహా తీసి పెట్టుకోండి.

డీలర్ చెప్పిన జీఎస్టీ మాటలో నిజం కొంతే ఉంది. 2025 సెప్టెంబర్ 22 దాకా ఇలాంటి పెద్ద ఇంజిన్ కార్ల మీద 28 శాతం జీఎస్టీ, 20 శాతం సెస్సు కలిపి 48 ఉండేది, ఆ రోజు నుంచి సెస్సు పోయి 40 అయింది. 148 రూపాయలకు వచ్చేది 140కి వస్తోందన్నమాట, అంటే ధరలో తగ్గింది ఐదున్నర శాతం లోపే. దాన్ని అడ్డం పెట్టుకుని 75 లక్షల గండికి లెక్క చెబుతానంటే ఎలా? పైగా హురకాన్ తయారీ ఆగిపోయింది, దాని స్థానంలో వచ్చిన టెమెరారియో 2025లో మన దేశంలో 6 కోట్ల ఎక్స్ షోరూమ్ ధరతో దిగింది. హురకాన్ ఈవో 2019లో వచ్చినప్పుడు 3.73 కోట్లు. కొత్తది అంత పెరిగినప్పుడు, టర్బో లేని వీ10 ఇంజిన్ ఉన్న పాతది, చరిత్ర శుభ్రంగా ఉంటే, అంత తేలిగ్గా జారదు. ఇలాంటి బండ్లకు కొనేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో కలిపినా కొద్దిమందే, వాళ్లు ముందు అడిగేది సర్వీస్ రికార్డు. మచ్చ ఉన్న కారు మారుతీ అయితే కొంత తగ్గించుకుని కొంటారు, లంబోర్గిని అయితే అసలు ఫోనే ఎత్తరు. మీ కేసుకు బలం అక్కడే ఉంది.

'ఉన్నది ఉన్నట్టు అమ్మాం, చూసుకుని కొన్నారు' అని బిల్లు మీద సంతకం పెట్టించుకున్నా భయపడకండి, ఆ వాక్యం మోసానికి గొడుగు కాదు. కాంట్రాక్ట్ చట్టం 19వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. అమ్మినవాడు ఊరికే నోరు మూసుకున్న సందర్భంలో, కొన్నవాడు మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఒప్పందం రద్దు చేయలేడు. 'సర్వీస్ సెంటర్‌లో అడిగితే తెలిసేదిగా' అని డీలర్ వాదించేది దీని ఆధారంగానే. కానీ మీవాడు నోరు మూసుకోలేదు, 'నాన్ యాక్సిడెంట్' అని రాసిచ్చాడు. తెలిసీ ఆడిన పచ్చి అబద్ధానికి ఆ మినహాయింపు వర్తించదు. అందుకే ఆ వాట్సాప్ చాట్ మీ కారు కంటే విలువైనది ఇప్పుడు. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేసే ధ్రువీకరణ పత్రం) ప్రింట్లు తీయించండి. సర్వీస్ సెంటర్ నుంచి 2021 జాబ్ కార్డు (రిపేర్ వివరాల కాగితం) కాపీ రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ రికార్డునూ, అప్పటి ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్టునూ తెప్పించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది.

ఇక ఆ 30 లక్షల క్యాష్. ఇది రాస్తున్నప్పుడే నాకు తల పట్టుకోవాలనిపించింది. ఒక వ్యవహారంలో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం మీరు కొన్నప్పుడు అమల్లో ఉన్న ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 269ఎస్‌టీ కింద నిషేధం, తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ. అంటే ఆ దెబ్బ డీలర్‌కు. కానీ 'మీకు ఆ డబ్బు ఎక్కడిది' అన్న ప్రశ్న మీకు వస్తుంది. ఫిర్యాదులో 2.15 కోట్లు ఇచ్చానని రాస్తే మూలం చూపించాలి. 1.85 అనే రాస్తే, పైన అనుకున్న 1.60 కోట్ల లెక్కన మీ క్లెయిమ్ 55 లక్షల నుంచి 25 లక్షలకు పడిపోతుంది. మధ్యలో ఏదో ఒకటి సర్దేసి అఫిడవిట్ వేద్దాం అనే లాయర్ దొరికితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ముందు మీ సీఏతో కూర్చుని ఆ డబ్బు లెక్కల్లో ఉందో లేదో తేల్చుకోండి. ఇంకో మాట, 'ఐటీ వాళ్లకు చెప్తా, డబ్బు కక్కు' అని డీలర్‌ను బెదిరిస్తూ మెసేజ్‌లు పెట్టకండి, రేపు అవే మీ మీద ఫిర్యాదు అవుతాయి.

ఎక్కడ వేయాలన్నది కూడా ఈ అంకె మీదే ఉంది. వినియోగదారుల చట్టంలో మీరు ఇచ్చిన ధరను బట్టి ఫోరం మారుతుంది. 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్, 2 కోట్లు దాటితే ఢిల్లీలోని జాతీయ కమిషన్. నిజం చెబితే మీది ఢిల్లీ కేసు. ఫీజు ఎక్కడైనా రెండున్నర, మూడు వేలే, దాని గురించి టెన్షన్ వద్దు. గడువు మాత్రం రెండేళ్లు. మోసం ఇప్పుడే తెలిసింది కాబట్టి అప్పటి నుంచి లెక్క అని వాదించవచ్చు, కానీ ఆ వాదన అవసరమే రాకుండా కొన్న తేదీకి రెండేళ్లు నిండకముందే, అంటే 2026 మే లోపే ఫిర్యాదు వేసేయడం మేలు.

ఇక్కడ డీలర్ లాయర్ లేవనెత్తే పాయింటు ఇంకొకటి ఉంది. కారు ఫర్మ్ పేరు మీద ఉంది, కాబట్టి వాణిజ్య అవసరం, కాబట్టి మీరు వినియోగదారుడే కాదు అంటాడు. కంపెనీ పేరు మీద కొన్నా డైరెక్టర్ సొంత వాడకానికైతే అది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని సుప్రీంకోర్టు 2024లో ఒక లగ్జరీ కారు కేసులోనే చెప్పింది, అది మీకు పనికొస్తుంది. అయితే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 'పూర్తిగా వ్యాపారానికే' అని డిప్రిసియేషన్ (తరుగు) తీసుకుని, కమిషన్‌లో 'సొంత సరదాకే' అంటే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. అక్కడ ఇబ్బంది పడేలా ఉంటే కమర్షియల్ కోర్టులో దావా వేయొచ్చు, మూడేళ్ల గడువు ఉంటుంది, దానికి ముందు మీడియేషన్ (మధ్యవర్తిత్వం) తప్పనిసరి. క్రిమినల్ ఫిర్యాదు కూడా ఇవ్వాలనుకుంటే, అమ్మకం 2024 జూలై 1కి ముందు జరిగింది కాబట్టి కొత్త న్యాయ సంహిత కాదు, పాత ఐపీసీ 420 పడుతుంది.

ట్యాక్స్‌లో నష్టం చూపించుకోవడం అన్నారు, వినండి, ఇది కొంచెం నవ్వొచ్చే సంగతి. ఫర్మ్ పుస్తకాల్లో కారు 1.85 కోట్లు. ఏటా 15 శాతం తరుగు తీస్తే 2025 మార్చికి 1.57 కోట్లు, 2026 మార్చికి 1.33 కోట్ల చిల్లర. ఇప్పుడు 1.40కి అమ్మితే మీ మనసుకు 75 లక్షల నష్టం, పుస్తకాలకు మాత్రం ఆరు లక్షల పైన లాభం! ఫర్మ్ జీఎస్టీలో రిజిస్టర్ అయి ఉంటే ఆ మార్జిన్ మీద 18 శాతం, సుమారు 1.14 లక్షలు కట్టాలి కూడా. పాత వాహనాలన్నింటికీ ఈ 18 శాతం రేటు 2025 జనవరి 16 నుంచి వచ్చింది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అయితే మీ గ్రానైట్ కటింగ్ మెషీన్లూ ఈ కారూ ఒకే 15 శాతం బ్లాకులో (ఒకే తరుగు రేటు ఉన్న ఆస్తుల గుంపు) ఉంటాయి కాబట్టి వెంటనే లాభం పడదు, అమ్మిన సొమ్ము బ్లాకులోంచి తగ్గి ఇకపై వచ్చే తరుగు తగ్గుతుంది, అంతే. ఆ 30 లక్షల క్యాష్ పుస్తకాలకు తెలియదు కనుక ఇక్కడా సాయం చేయదు. ఒకవేళ కారు మీ సొంత పేరున, సొంత వాడకానికి కొని ఉంటే అది వ్యక్తిగత వస్తువు, లాభానికి పన్నూ లేదు, నష్టానికి లెక్కా లేదు.

ఐడీవీ సంగతి రెండు ముక్కల్లో. కారు పోయినా పూర్తిగా ధ్వంసమైనా ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చే గరిష్ఠ మొత్తం అది, మార్కెట్ ధరకు సాక్ష్యం కాదు. ఐదేళ్ల లోపు కార్లకు టేబుల్ ఉంటుంది, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్యలో 50 శాతం కోత. ఐదు దాటాక మీరూ కంపెనీ మాట్లాడుకుని వేసుకునే అంకె. ఎవరైనా ఆ టేబుల్‌ను ఆల్టోకీ హురకాన్‌కీ ఒకేలా వాడతారు, అది మీకూ తెలుసు.

నాకు మీ డబ్బు కంటే ఎక్కువ భయం వేసింది ఆర్సీ విషయంలో. ఇతర రాష్ట్రపు బండి కొంటే 30 రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. 2025లో బెంగళూరులో మహారాష్ట్ర నంబర్‌తో తిరుగుతున్న ఒక ఫెరారీకి పన్ను, జరిమానా కలిపి సుమారు 1.4 కోట్లు కట్టించుకున్నారు, అంటే మీ కారుకు ఇప్పుడు వస్తున్న ధర మొత్తం అన్నమాట. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం రిజిస్టర్‌లో ఉన్న ఓనరే కట్టాలని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే మహారాష్ట్రలోని పాత ఓనర్ మీ మీద పడతాడు. ఇన్సూరెన్స్ సొంత డ్యామేజ్ క్లెయిమ్ కూడా పేరు దగ్గర చిక్కుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి, అమ్మకానికి బండి చేతిలోకి తీసుకున్నాక కాగితాల బాధ్యత వాళ్లదే. మీ డీలర్‌కు ఆ పత్రం ఉందో లేదో ఆర్టీఏలో కనుక్కోండి, లేదని తేలితే ఫిర్యాదులో అదీ ఒక పేరా అవుతుంది. మహారాష్ట్ర నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద పాత ఓనర్ సంతకాలు, లోన్ ఉండి ఉంటే ఫారం 35, ఇవన్నీ లీగల్ నోటీసులోనే డిమాండ్ చేయండి, 15 రోజుల టైమ్ ఇచ్చి.

విసుగొచ్చి ఆ 1.40కి వదిలించుకుందామనుకుంటే, నిపుణుడితో తనిఖీ చేయించి రిపోర్టు తీసుకున్నాకే అమ్మండి, లేకపోతే కేసులో చూపించడానికి కారే ఉండదు. కొనేవాళ్లకు యాక్సిడెంట్ సంగతీ మీటర్ సంగతీ అమ్మకపు ఒప్పందంలోనే రాసి సంతకం తీసుకోండి. మీకు తెలిసింది దాచి అమ్మితే, ఇదే ప్రశ్న వచ్చే ఏడాది మీ మీద ఇంకొకరు నాకు రాస్తారు.