ముందు గోడ చూడు, తరువాతే మెరుపు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

రాజోలు ఇంటి గోడలూ, షాపులో చూపించిన నమూనాలూ ఫొటోలు తీసి పంపావు, అన్నీ చూశాను. అల్యూమినియం రేకుల మీద ఫొటోలు వేయించాలన్న ఆలోచన మన ప్రాంతానికి సరిపోతుంది. కోనసీమ తేమ కాగితం ఫొటోను ఏం చేస్తుందో స్టూడియో నడిపినన్నాళ్లూ చూశాను. ఒక్క వానాకాలం గడిచేసరికి ఫొటో అద్దానికి అతుక్కుంటుంది, వెనక అట్ట ఉబ్బుతుంది, మూలల్లో బూజు మచ్చలు పడతాయి. రేకుకు అద్దం అక్కరలేదు, తడికి ఉబ్బదు. అయితే అన్ని ఫొటోలకూ ఒకే నిగనిగలాడే పూత చెప్పబోతున్నానని రాశావు చూడు, అక్కడ మాత్రం ఆగు. బయానా ఇవ్వకముందే ఇది పూర్తిగా చదువు.

ఈ రేకు మీద రంగు పైపైన వేసేది కాదు. ముందు ఒక ప్రత్యేకమైన కాగితం మీద ఫొటోను తిరగేసి ముద్రిస్తారు. దాన్ని పూత ఉన్న రేకు మీద పెట్టి దాదాపు 200 డిగ్రీల వేడిలో నొక్కుతారు. రంగు ఆవిరై పూత లోపలికి దిగుతుంది. దీన్నే సబ్లిమేషన్ అంటారు. అందుకే నీ ఫొటో ఎలా కనిపించాలన్నది ఆ పూత చేతిలో ఉంటుంది. పూత గురించి రెండు విషయాలు వేరువేరుగా అడగాలి. అడుగున తెలుపు ఉందా, లేక రేకు కనిపించేలా పారదర్శకంగా ఉందా అన్నది మొదటిది. పైభాగం నిగనిగలాడే గ్లాసీయా, మెరుపు లేని మ్యాటా, మధ్యస్థంగా ఉండే శాటినా అన్నది రెండోది. షాపుల్లో ఈ రెంటినీ కలిపి ఒకే మాటగా చెప్పేస్తారు, కొనేవాళ్లు తికమకపడేది అందువల్లే.

పైభాగం సంగతి తేల్చేది గోడ. గ్లాసీ పూత మీద నలుపు చిక్కగా వస్తుంది, రంగులు లోతుగా కనిపిస్తాయి. కానీ ఎదురుగా ఉన్న కిటికీనీ, ట్యూబులైటునూ కూడా అంతే స్పష్టంగా చూపిస్తుంది. మ్యాట్ పూత పడిన వెలుగును నలుదిక్కులా చెదరగొడుతుంది కాబట్టి ప్రతిబింబం ఉండదు, వేలిముద్రలు అంతగా తెలియవు. బదులుగా నలుపు కొంచెం పలచబడుతుంది. ఏ గోడకు ఏది అన్నది ఊహించుకోవద్దు. ఇంట్లో ఉన్న చేతి అద్దం తీసుకుని, ఫొటో తగిలించబోయే చోట, అదే ఎత్తులో ఎవరినైనా పట్టుకోమను. నువ్వు మామూలుగా కూర్చునే కుర్చీలో కూర్చుని చూడు. అద్దంలో కిటికీ కనిపిస్తే గ్లాసీ ఫొటోలోనూ కనిపిస్తుంది. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి లైట్లన్నీ వేసి ఒకసారి చూడు. మీ ఇంటికి మండువా ఉంది కదా, దాని చుట్టూ ఉన్న గోడల మీద పగలంతా ఆకాశం పడుతుంది. నీ ఫొటోల్లో చూసినంతవరకు ఆ గోడలకు గ్లాసీ పనికిరాదని నా నమ్మకం. మెట్ల పక్కన కిటికీ లేని గోడకు మాత్రం నిస్సంకోచంగా పెట్టుకో.

ఇక అడుగు తెలుపా, పారదర్శకమా అన్నది ఫొటోను బట్టి ఉంటుంది. ఈ యంత్రాల్లో తెలుపు రంగు ఉండదు. ఫొటోలో తెల్లగా ఉన్నచోట రంగు పడదు, అడుగున ఏముంటే అదే కనిపిస్తుంది. అడుగు తెలుపైతే తెలుపు, ఉత్త రేకైతే వెండి. షాపులో నిన్ను ఆకట్టుకున్న నమూనా ఈ రెండో రకానిదే. నువ్వు పంపిన వాటిలో వరిచేలో కొంగలున్న ఫొటోను ఆ రేకు మీద వేస్తే కొంగలన్నీ బూడిదరంగుకు తిరుగుతాయి, చేను పచ్చదనం ఒక మెట్టు చీకటవుతుంది. దానికి తెల్ల అడుగు తప్పనిసరి. మనుషుల ముఖాలున్న ప్రతి ఫొటోకూ ఇదే మాట. చర్మం రంగు కింద లోహం మెరిస్తే ముఖంలో జీవం పోతుంది.

అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నువ్వు పొద్దున్నే తీసిన ఫొటో ఉంది చూడు, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నీళ్ల మీద వెలుగు పరచుకున్నది, పారదర్శకమైన పూతకు అదే తగినది. నువ్వు గదిలో అటూ ఇటూ నడుస్తుంటే నీటి మీది తళుకు నీతోపాటు కదులుతుంది. ఆ అందం కాగితం మీద ఎంత ఖర్చుపెట్టినా రాదు. రేకు మీద సన్నని గీతలు గీసినట్టుండే రకం తీసుకుంటే ఆ గీతలు అడ్డంగా, నీటి వాలుకు తగినట్టు ఉండాలని ముందే చెప్పు. రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి సాయంత్రం వేళ తీసిన హేవలాక్ వంతెన నలుపు తెలుపు ఫొటోకూ ఇది బాగుంటుంది. 1900లో మొదలై 1997 దాకా రైళ్లు నడిచిన ఇనుప వంతెన అది, లోహం మీద లోహం చక్కగా కుదురుతుంది.

అన్నిటికంటే నా మనసంతా మీ తాతయ్య, నాయనమ్మల పెళ్లి ఫొటో మీదే ఉంది. అది మా అమ్మానాన్నల ఫొటో కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. తెల్ల అడుగు, శాటిన్ పైభాగం, అంతే. పాత ఫొటోలో గీతలు, చుక్కలు, స్కాన్ చేసినప్పుడు పడిన దుమ్ము ఉంటాయి. గ్లాసీ వాటిని ఎత్తి చూపిస్తుంది. మరి మ్యాట్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ ఫొటోకు మీ అమ్మ పండుగ పండుగకూ గంధం, కుంకుమ బొట్టు పెడుతుంది. మ్యాట్ గరుకులో కుంకుమ పొడి ఇరుక్కుంటుంది, తుడిస్తే ఎర్రగా అలుక్కుంటుంది. శాటిన్ మీద నుంచి తేలికగా వస్తుంది. ఎండిన గంధాన్ని గోటితో గీకనివ్వకు. తడి బట్ట కాసేపు అద్ది, మెత్తబడ్డాక తుడవాలి. పూతకు గీత పడితే దిద్దడానికి వీలులేదు. దండను ఫొటో అంచుకు చుట్టకుండా పైన వేరే మేకు కొట్టి వేలాడదీయండి, దండలోని తీగ రాసుకోకుండా ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త. మన ఊళ్లలో మెటల్ ప్రింటు అని చెప్పి షాపు బోర్డులకు వాడే ఏసీపీ షీటు (అల్యూమినియం, ప్లాస్టిక్ పొరలు కలిపిన పలక) మీద వినైల్ స్టిక్కరు అంటించి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. చవకగా వస్తుంది, కానీ అది వేరే వస్తువు. అంచును గోటితో తడిమి చూడు, పొర తగిలితే స్టిక్కరే. సబ్లిమేషన్ పద్ధతిలో చేసినదానికి పొర తగలదు.

ఫైలు విషయం క్లుప్తంగా చెబుతాను. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఇవ్వకు, అసలు ఫైలు ఇవ్వు. 12 అంగుళాలకు 18 అంగుళాల సైజుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600, 5400 పిక్సెళ్లు ఉంటే నిశ్చింత. ఫోను తెర లోపలి నుంచి వెలుగుతుంది, రేకు వెలగదు. తెర వెలుగు సగానికి తగ్గించి చూడు, అప్పుడు ఫొటో చీకటిగా అనిపిస్తే ముద్రించేముందే కొంచెం వెలుగు పెంచమని చెప్పు. పారదర్శకమైన పూతకైతే ఇంకొంచెం ఎక్కువే పెంచాలి.

తగిలించేటప్పుడు రేకు వెనక దిమ్మ పెట్టించి గోడకు అర అంగుళం ఎడంగా ఉంచు, వానాకాలంలో గోడ చెమర్చినా గాలి ఆడుతుంది. సముద్రపు గాలి తగిలే ఇల్లు కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడు, ఇనుప మేకుల తుప్పు గోడ మీదికి కారుతుంది. పిల్లలు తిరిగే ఎత్తులో పెట్టేవాటికి మూలలు గుండ్రంగా కోయించు. నేరుగా ఎండ పడే వరండాలో ఏ పూతైనా వద్దు, రంగు వెలుస్తుంది. దేవుడి గదిలో దీపం పైనా వద్దు, మసి పడుతుంది.

పెద్ద సైజులు చెప్పేముందు పెళ్లి ఫొటోలోని ముఖాల భాగాన్నీ, అన్నాచెల్లెళ్ల గట్టు ఫొటోలోని నీటి భాగాన్నీ చిన్న ముక్కలుగా, నేను చెప్పిన పూతల మీద వేయించు. వాటిని షాపు దీపాల కింద కాకుండా మీ ఇంటి గోడల మీదే పెట్టి చూడు. పెళ్లి ఫొటో స్కాన్ ఫైలు నాకు పంపు, అమ్మ ముఖం మీద ఉన్న అడ్డగీత నేనే దగ్గర కూర్చుని శుభ్రం చేయిస్తాను. ఆ పని అయ్యేదాకా దాన్ని మాత్రం ముద్రణకు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య